అండోత్సర్గము – రెండు గడియారములు

రహమత్ నగర్, కృష్ణానగర్ ప్రాంతాలలో సినిమా పనివారు అనేకులున్నారు. రాత్రి కాల్‌షీట్ అయితే స్త్రీలు కూడా తెల్లవారినాక ఇల్లు చేరి, పగలు నిద్రిస్తారు. ఇట్టి జీవితం నెలసరిని తారుమారు చేస్తుందా? అమెరికాలో సుమారు 71 వేలమంది నర్సులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాలనుబట్టి, మారుతూవచ్చే రాత్రి షిఫ్టులు ఎక్కువకాలం చేసినవారిలో క్రమం తప్పిన నెలసరులు కూడా ఎక్కువ. రెండూ కలిసి పెరిగినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాదు. అయితే కారణం కాగల యంత్రాంగం మాత్రం మన దేహంలో ఉన్నది.

కంటినరాలు రెండూ కలిసే చోటికి సరిగా పైన, మెదడులో, సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఒకటి కలదు. ఇదే జీవగడియారము. వెలుతురునుబట్టి ఇది తన వేళను సరిదిద్దుకొంటుంది. దీని సంకేతాలు పీయూషగ్రంథి వరకు పోతాయి. ఆ గ్రంథినుండి ఎల్.హెచ్. అనే హార్మోను ఒక్కసారిగా పొంగినప్పుడే అండాశయంనుండి అండం వెలువడుతుంది.

ఎవరెట్, సాయర్ అనే శాస్త్రజ్ఞులు 1950 ప్రాంతంలో ఆడ ఎలుకలపై చేసిన ప్రయోగం ఇందుకు చక్కని నిదర్శనం. అండం విడుదల కావలసిన దినాన, మధ్యాహ్నం 2 గంటలకు ముందు మత్తుమందు ఇచ్చారు. ఆ రాత్రి అండం వెలువడలేదు. మత్తు కొద్ది గంటలకే దిగినది గదా, అండం కూడా కొద్ది గంటలే ఆలస్యం కావాలి. కాని సరిగా ఒక దినం ఆలస్యమైనది! రైలు తప్పినవాడు మరునాడు అదే వేళకు వచ్చే బండికొరకు కాచుకొన్నట్లు. 4 గంటల తరువాత ఇస్తే మందు ఏమీ అడ్డలేదు. స్త్రీలలో ఇంత కచ్చితత్వం లేదు, అయినా ఎల్.హెచ్. పొంగు ఎక్కువగా తెల్లవారుజామునే మొదలవుతుంది. సుమారు 36 గంటలకు అండం వెలువడుతుంది.

చీనా ప్రాచీన వైద్యులు కూడా కాలాన్ని లెక్కించారు. మనకు దినానికి 8 జాములు. వారికి 12 భాగాలు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క అవయవం: రాత్రి 1 నుండి 3 వరకు కాలేయం. దేహానికీ వేళకూ సంబంధమున్నదనే ఊహ మెచ్చదగినదే. కాని నేడు మనకు తెలిసిన కాలేయపు గడియారం చాలావరకు భోజనవేళలనుబట్టి జరుగుతుంది. ఒంటిగంటకు కట్టుబడి ఉండదు. రెండింటినీ ఒకటిగా చెప్పడం తొందరపాటు.

మరి సూదుల వైద్యం ఫలిస్తుందా? అండం సరిగా విడుదల కాకపోవడానికి ముఖ్యకారణమైన పి.సి.ఓ.ఎస్. ఉన్న 1,000 మంది స్త్రీలపై చీనాలోనే పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. నిజమైన సూదులు పొందినవారిలో 21.8 శాతం, నామమాత్రంగా పైపైన గుచ్చినవారిలో 22.4 శాతం బిడ్డలను కన్నారు. అనగా తేడా లేదు. అదే పరీక్షలో క్లోమిఫీన్ మాత్రలు వాడినవారిలో ఇది 28.7 శాతం, వాడనివారిలో 15.4 శాతం.

థైరాయిడ్ లోపం, ప్రొలాక్టిన్ హార్మోను హెచ్చడం వంటివి కూడా అండోత్సర్గాన్ని ఆపగలవు. కనుక డాక్టరు ముందు రక్తపరీక్ష చేయిస్తారు. ఇక్కడ గడియారం మళ్ళీ అడ్డువస్తుంది. ప్రొలాక్టిన్ నిద్రలో పెరుగుతుంది. పగలు నిద్రించే స్త్రీ లేచిన వెంటనే రక్తమిస్తే, జబ్బు లేకున్నా లెక్క ఎక్కువగా రావచ్చు. ఎప్పుడు పడుకొన్నదీ, ఎప్పుడు లేచినదీ ఆమె డాక్టరుతో ముందే చెప్పాలి.