పుస్తకం ఎలా వున్నదని అడిగేవారేరీ?

గ్రంథాలయ పన్ను మనది - పుస్తకాల ఎంపికలో మన మాట లేదు

(మా గ్రామీణ విలేఖరి)

తెనాలి: ఏటా నవంబరు 14వ తేదీ నుంచి 20వ తేదీ వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. శాఖా గ్రంథాలయాల గుమ్మాలకు మామిడాకుల తోరణాలు కడతారు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. ఊరి పెద్దలు, అధికారులు వచ్చి పుస్తకం గొప్పతనం మీద ప్రసంగిస్తారు. ఆఖరి రోజున బహుమతులు పంచి, ఫోటో తీయించుకొని ఎవరి దారిన వారు వెళతారు. ఇదంతా సబబే. కాని యీ వారం రోజుల్లోనూ ఒక ప్రశ్న మాత్రం వినపడదు. ఈ సంవత్సరం మీరేం చదివారు, అది ఎలా వున్నది, పక్కవారిని చదవమంటారా వద్దంటారా అన్నదే ఆ ప్రశ్న.

ఒకప్పుడు మన పల్లెల్లో ఆ ప్రశ్న అరుగుల మీద, టీకొట్టు బల్లల మీద, మంచినీళ్ల చెరువు గట్టున రోజూ వినపడేది. ఊరికి వారపత్రిక ఒకటో రెండో వచ్చేవి. తెప్పించినవారు చదివీ చదవకముందే పక్కింటివారు పిల్లవాణ్ణి పంపేవారు. ఆ వారం తిరిగేలోగా ఒక్క ప్రతి పది ఇళ్లు తిరిగి, అట్ట వూడి, కాఫీ మరకలతో సొంతదారు ఇంటికి చేరేది. సీరియలు కథలో వచ్చే వారం ఏం జరుగుతుందని మిరపకాయలు తొడిమెలు తీసేచోట పందాలు కాసేవారు. చదువు రానివారికి చదివి వినిపించే కోడళ్లు, మనుమరాళ్లు ప్రతి వీధిలోనూ వుండేవారు. సీరియలు పేజీలు వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్టగా వేసి పుస్తకం చేసుకున్న ఇళ్లు యిప్పటికీ కొన్ని వున్నాయి. అటువంటి కుట్టు పుస్తకం పెళ్లయిన ఆడపిల్లతో పాటు అత్తవారి వూరు వెళ్లి, అక్కడ మరి నాలుగిళ్లు తిరిగేది.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవల అలా తిరిగినవాటిలో ఒకటి. అది ముందు పత్రికలో సీరియలుగా వచ్చి, తర్వాత పుస్తకమై, 1976లో సినిమా కూడా అయింది. సినిమా చూసినవారిలో సగంమంది పుస్తకమే బాగుందని వాదించేవారు, మిగతా సగం నాగేశ్వరరావు పక్షం. అవి ఆడవాళ్ల నవలలని పైకి ఈసడించిన మగవారు రాత్రి లాంతరు దగ్గర వాటినే చదివేవారన్నది వేరే సంగతి.

తెనాలి పట్టణానికి యీ విషయంలో ఒక ప్రత్యేకత వున్నది. కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది యిక్కడే. డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు కూడా యిక్కడే పుట్టారు. బస్టాండుల దగ్గర అద్దె పుస్తకాల షాపులు నడిచిన రోజుల్లో డిటెక్టివ్ నవలకు వున్న గిరాకీ మరి దేనికీ లేదు. రోజుకింత అని అద్దె. షాపు యజమానికి ఏ గిరాకీదారు ఏది చదువుతాడో కంఠతా వచ్చు. మనిషి మెట్టెక్కకముందే, ఇది మీకు నచ్చదండీ, అది తీసుకెళ్లండి అని పుస్తకం మార్చి యిచ్చేవాడు. తెల్లారేసరికి అద్దె పెరుగుతుంది కనుక రాత్రికి రాత్రే చదివి, పొద్దున్నే యిచ్చేసి, ఎలా వున్నదో షాపు మెట్ల మీదే చెప్పి వెళ్లేవారు. దాన్నిబట్టే షాపువాడు మరొకరికి యిచ్చేవాడు. విమర్శకులు పత్రికల్లో ఎన్ని రాసినా వ్యాపారం నడిపింది మాత్రం మెట్ల మీది యీ మాటే.

పుస్తకంలోనే అభిప్రాయం రాసేవారు మరికొందరు. లైబ్రరీ పుస్తకం మార్జిన్లలో పెన్సిలుతో ‘అద్భుతం’, ‘శుద్ధ దండుగ’, ‘37వ పేజీ నుంచి చదవండి’ వంటి రాతలు చూడనివారుండరు. హంతకుడెవరో నాలుగో పేజీలోనే రాసిపెట్టిన దుర్మార్గులూ వున్నారు. వారికి శిక్ష ఏ చట్టంలోనూ లేకపోవడం విచారకరం. పుస్తకం మీద రాయకూడదని నిబంధన వున్న మాట నిజమే. అయితే మన మాట రాయడానికి లైబ్రరీలో వేరే చోటు కనపడదు మరి.

పడవ మీద పుస్తకాలు

పుస్తకాన్ని మనిషి దగ్గరకు చేర్చాలన్న పట్టుదల యీ ప్రాంతానికి కొత్త కాదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు తొలిసారి సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. దాని వెనుక తిరిగి తిరిగి పనిచేసిన అయ్యంకి వెంకటరమణయ్యకు 1972లో పద్మశ్రీ వచ్చింది. 1918లో వేటపాలెంలో యువకులు పెట్టిన చిన్న గ్రంథాలయమే సారస్వత నికేతనంగా పెరిగింది. 1929లో గాంధీ మహాత్ముడు అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రను నేటికీ అక్కడ భద్రపరిచారు. వేటపాలెం అప్పుడు గుంటూరు జిల్లాలో వుండేది. 1970లో ఒంగోలు జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. జిల్లాలు మారినా, పాత పత్రికలు కావలసినవారు వెతుక్కుంటూ వెళ్లేది ఆ వూరికే.

వీటన్నిటిలో పల్లెవారు గుర్తుంచుకోదగింది పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం దీనిని నడిపారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వరకు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి, గట్టునున్న వూళ్లకు అందించారు. ధాన్యం, మనుషులు వెళ్లే కాలువ మీదే పుస్తకం కూడా వెళ్లింది. ఇందులో గమనించవలసింది పడవ కాదు. పడవ అదే రేవుకు మళ్లీ రావాలి. పుస్తకం పుచ్చుకున్నవారు తిరిగి యివ్వాలి. తిరిగి యిచ్చేటప్పుడు మనిషి ఊరుకోడు, ఒక మాట అంటాడు. నచ్చిందనో, లేదనో, ఆయనదే యింకొకటి వుందా అనో. ఆ మాట విన్నవాడికి వచ్చేసారి పడవలో ఏం వేసుకురావాలో తెలుస్తుంది.

తర్వాతి రోజుల్లో పత్రికలు కూడా యీ పని చేశాయి. మాలతీ చందూర్ ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షిక కింద ఇంగ్లీషు నవలలను తెలుగులో పరిచయం చేశారు. ఇంగ్లీషు ముక్క రాని పల్లె పాఠకులు సైతం ఆ కథల గురించి మాట్లాడుకున్నారంటే ఆమె చలవే. చదివిన మనిషి చదవనివారికి పొరుగింటి మనిషిలా చెప్పడం అందులోని కిటుకు. మన తెలుగు లెక్చరర్లలో చాలామందికి యీ విద్య అబ్బలేదు.

ఎనిమిది పైసలు ఎక్కడికి?

ఇప్పుడు అసలు సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. ఇంట్లో ఒక్కరూ పుస్తకం ముట్టకపోయినా ఇది కట్టవలసిందే. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన యీ సొమ్మును గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. జమకట్టకుండా బకాయి పెట్టడం, సంస్థలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం పత్రికల్లో తరచు చూస్తున్న వార్తే. సొమ్ము రాకపోతే ముందు ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలు.

సొమ్ము వచ్చినచోట మాత్రం పాఠకుణ్ణి ఎవరడుగుతున్నారు? కొన్ని పుస్తకాలు జిల్లా నుంచి, కొన్ని కలకత్తాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయంతో వస్తాయి. మంచివీ వుంటాయి. కాని పై నుంచి కట్టలుగా దిగేవాటికి, ఊళ్లో అడిగేవాటికి పొంతన కుదరక కొన్ని పుస్తకాలు అట్ట విప్పకుండానే ముసలివైపోతున్నాయి. ఏ శాఖా గ్రంథాలయానికైనా వెళ్లి పుస్తకం వెనుక అంటించిన తేదీల చీటీ తిప్పి చూడండి. కొన్నిటికి చీటీ మీద చీటీ అంటించి వుంటుంది. పక్కనున్న పుస్తకానికి ఒక్క ముద్ర కూడా పడి వుండదు. ఆ చీటీని మించిన సమీక్ష లేదు. పుస్తకాలు కొనే ముందు దాన్ని చూడాలన్న ఆలోచన పైవారికి ఎందుకు కలగదో తెలియదు.

ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులు యిప్పుడు గ్రంథాలయాలకు పెద్ద దిక్కు. వారికి కావలసిన పుస్తకాలు కొనడం న్యాయమే. అయితే కథల పుస్తకం కోసం వచ్చే ఇల్లాలు, వ్యవసాయం పుస్తకం అడిగే రైతు, బొమ్మల పుస్తకం వెతికే పిల్లవాడు కూడా అదే పన్ను కడుతున్న ఇళ్లవారు. నగరాల్లోనూ, పరదేశాల్లోనూ వున్న తెలుగువారు చదివిన పుస్తకాల గురించి ఫోనుల్లో ముచ్చటించుకుంటున్నారు. ఆ ముచ్చట మన పల్లె ఫోనుకూ వస్తున్నది. పేరు వింటాం, ఆశపడతాం, లైబ్రరీకి వెళితే ఆ పుస్తకం వుండదు. కొనుక్కుందామంటే కూలి డబ్బులతో అయ్యే పని కాదు.

ఈ వారోత్సవాలలో ఒక సాయంత్రమైనా ప్రసంగాలు ఆపి, చదివినవారిని ముందు కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. మైకు అక్కర్లేదు, పది కుర్చీలు చాలు. ఇల్లాళ్లు రావాలంటే సాయంత్రం వంట వేళ కాకుండా మధ్యాహ్నం పెట్టాలి. వారు మెచ్చిన పుస్తకాల పేర్లు, కావాలని అడిగిన పేర్లు ఒక రిజిస్టరులో రాయించి, దాని నకలు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపితే, కొనుగోలు వేళ లేదు, తెలియదు అనడానికి వీలుండదు. అటువంటి రిజిస్టరు పెట్టని చోట పాఠకులే తెల్లకాగితం మీద పుస్తకం పేరు, రచయిత పేరు రాసి, సంతకం చేసి గ్రంథపాలకునికి యివ్వవచ్చు. పదిమంది కలిసి ఒకే కాగితం మీద రాస్తే మరీ మంచిది. ఇంటి పన్ను రశీదు నంబరు కూడా వేస్తే తప్పేమీ లేదు. గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి వెళ్లాలి.