బిల్లు కౌంటరు పక్కన ఏముండాలి? అపోహలు – వాస్తవాలు

సూపర్ మార్కెట్లో సరుకులన్నీ ట్రాలీలో వేసుకుని బిల్లు కోసం వరుసలో నిలబడ్డాక ఇంక కొనాల్సిందేమీ ఉండదు. సరిగ్గా అక్కడే, పిల్లల చేతికందే ఎత్తులో చాక్లెట్లు, చిప్స్ వేలాడుతుంటాయి. వాటిని తీసి మరేవైనా పెట్టమంటే వచ్చే అభ్యంతరాలు దాదాపు ఎక్కడైనా ఇవే.

అపోహ: జనం అడుగుతున్నారు కాబట్టే పెడుతున్నారు.

చాక్లెట్ అని చీటీలో రాసుకొచ్చేవాళ్లు ఎందరుంటారు? పెద్ద షాపుల్లో కౌంటరు పక్క అర ఖరీదైన జాగా. డబ్బో, డిస్కౌంటో ఇచ్చి కంపెనీలు దాన్ని దక్కించుకుంటాయి. మనం ఏమీ తోచక నిలబడే ఆ రెండు నిమిషాల మీదే వాళ్ల బేరం.

అపోహ: ఇది నిషేధం. మనమేం తినాలో ప్రభుత్వం చెప్పడమేంటి?

అమెరికాలో ఈ పని మొదట చట్టంగా చేసింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం. 2020లో ఆమోదించి 2021 మార్చి నుంచి అమల్లో పెట్టింది. 2,500 చదరపు అడుగులు దాటిన షాపులకే వర్తిస్తుంది. కౌంటరు దగ్గర పెట్టే తినుబండారాల్లో, ఒకసారి తినే మోతాదుకు, విడిగా కలిపిన చక్కెర 5 గ్రాములు, సోడియం 200 మిల్లీగ్రాములు మించకూడదు. చాక్లెట్ అదే షాపులో లోపలి వరుసలో దొరుకుతుంది. కావలసినవాళ్లు వెళ్లి తెచ్చుకోవచ్చు. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి పెద్ద షాపుల్లో కౌంటరుతో పాటు గుమ్మం దగ్గరా, వరుసల చివరా కూడా ఇలాంటి సరుకుకు చోటు లేదు.

అపోహ: చోటు మారిస్తే ఒరిగేదేముంది? కొనేవాడు ఎలాగూ కొంటాడు.

కొనాలని వచ్చినవాడు కొంటాడు, నిజమే. కౌంటరు అర అతని కోసం కాదు. బ్రిటన్‌లో 9 సూపర్ మార్కెట్ సంస్థల అమ్మకాలను పరిశీలించిన అధ్యయనం 2018లో వెలువడింది. వాటిలో 6 సంస్థలు చట్టమేమీ లేకుండానే కౌంటర్లను మార్చుకున్నాయి. మార్చిన వెంటనే, ఇళ్లకు వెళ్లే చిన్న చాక్లెట్, మిఠాయి, చిప్స్ ప్యాకెట్లు 17 శాతం తగ్గాయి. ఏడాది తర్వాతా తగ్గుదల 15 శాతం పైనే ఉంది. ఇతర కారణాలేవీ లేవని ఇలాంటి పరిశీలన పూర్తిగా తేల్చలేదు కానీ, ‘ఒరిగేదేమీ లేద’న్న మాట మాత్రం ఇక చెల్లదు.

అపోహ: షాపు నష్టపోతుంది.

అర ఖాళీగా ఉంచమని ఎవరూ అనడం లేదు. పండ్లు, ఉప్పు తక్కువగా వేసిన పల్లీలు, మంచినీళ్లు, పెన్నులు, బ్యాటరీలు అక్కడ అమ్ముడుపోవా? బ్రిటన్‌లో టెస్కో, లిడ్ల్ లాంటి సంస్థలు చట్టం రాకముందే తమంతట తామే మిఠాయిలను కౌంటర్ల నుంచి తీసేశాయి. వాటి వ్యాపారమేమీ మూతపడలేదు.

అపోహ: చాక్లెట్ బదులు చిక్కీ పెడితే సరి.

ఇది మనవాళ్ల అపోహ. బెల్లం పాకం పట్టిన పల్లీపట్టి బర్క్‌లీ లెక్కలో నెగ్గడం కష్టం, ఎందుకంటే అక్కడ బెల్లం కూడా కలిపిన చక్కెర కిందికే వస్తుంది. ‘మల్టీగ్రెయిన్’ అని అట్ట మీద రాసిన బిస్కెట్లదీ చాలావరకు ఇదే కథ. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవాల్సిందే.

మన దేశంలో బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020 నిబంధన ఉంది. బిల్లు కౌంటరు ఆ నిబంధన పరిధిలో లేదు కాబట్టి, ప్రస్తుతానికి అడగాల్సింది షాపు మేనేజర్నే. అన్ని కౌంటర్లూ కుదరదంటే పిల్లలతో వచ్చేవాళ్ల కోసం ఒక్క కౌంటరైనా మార్చమనండి.