పుప్పొడి మోసుకొచ్చే తెగులు

చెర్రీ చెట్టుకు కొన్ని రకాల వైరస్‌లు సోకితే ఆకుల మీద లేత పసుపు వలయాలు ఏర్పడతాయి. అక్కడి కణజాలం ఎండి రాలిపోయి ఆకులకు చిల్లులు పడతాయి. వైరస్ ఉన్నా కొన్ని చెట్లలో ఈ గుర్తులేవీ కనిపించవు. అవి ఏటా విరగబూస్తూనే ఉంటాయి, ఆ పూతతోనే తెగులునూ పంచుతుంటాయి.

ప్రూనస్ నెక్రోటిక్ రింగ్‌స్పాట్, ప్రూన్ డ్వార్ఫ్ అనే వైరస్‌లు చెర్రీ, ప్లమ్, బాదం జాతి చెట్లలో పుప్పొడి ద్వారా వ్యాపిస్తాయి. మొదటి వైరస్ పుప్పొడి రేణువు పైపొర మీదా ఉంటుంది, లోపలా ఉంటుంది. రేణువు కీలాగ్రం మీద మొలకెత్తి పరాగనాళం అండం దాకా దిగితే, వైరస్ గింజలోకి చేరగలదు. ఒక్కోసారి ఆ పుప్పొడి అందుకున్న చెట్టుకే సోకుతుంది. అందుకే పూతకు రాని లేత తోటల్లో ఈ తెగులు అంతగా పాకదు. పూత మొదలయ్యాక చెట్టు నుంచి చెట్టుకు అంటుకుంటుంది.

దూరం కూడా దీనికి అడ్డు కాదు. అమెరికాలో కాలిఫోర్నియా బాదం తోటల్లో పూత ముగిశాక తేనెటీగల పెట్టెలను వాషింగ్టన్ చెర్రీ తోటలకు తరలిస్తారు. అలా వచ్చిన పెట్టెల్లోని పుప్పొడిలో, తెగులు కలిగించగల వైరస్‌ను శాస్త్రవేత్తలు గుర్తించారు.

తామర పురుగులది మరో దారి. పుప్పొడి రాలిన ఆకును ఈ పురుగు గీరి రసం పీలుస్తుంది. ఆ సన్నని గాయం గుండా పుప్పొడిలోని వైరస్ ఆకు కణాల్లోకి దిగుతుంది.

ఈ దారి ఎంత నష్టం చేయగలదో 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా చవిచూసింది. లక్షల ఎకరాల్లో వేరుశనగను కాండం కుళ్లు తెగులు దెబ్బతీసింది. కారణం పొగాకు స్ట్రీక్ వైరస్. అదీ చెర్రీ వైరస్‌ల కుదురుదే. పైకి ఏ లక్షణమూ చూపని వయ్యారిభామ అనే కలుపు మొక్క దాన్ని తన పుప్పొడిలో దాచుకుంది. ఆ పుప్పొడిని గాలీ తామర పురుగులూ చేలోకి చేర్చాయి.

వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. పండ్ల తోటకైతే వైరస్ లేదని పరీక్షలో తేలిన తల్లిచెట్టు నుంచి తీసిన అంట్లనే వాడాలి. వేరుశనగకైతే చేను చుట్టూ జొన్న, సజ్జ వరుసలు వేస్తే గాలిలో వచ్చే పురుగులకు అడ్డుపడతాయి. అన్నిటికంటే ముఖ్యం, గట్ల మీదా బాటల పక్కనా బీళ్లలోనూ ఉన్న వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యడం. పక్క పొలంలో అది పూస్తుంటే మన చేను ఒక్కటే శుభ్రంగా ఉండి లాభం లేదు. ఈ పని ఊరంతా కలిసి చెయ్యాలి.