మీకు తెలుసా? పాములకు పేలు చూసి నీళ్లు తోడుకున్నారు!

పాముకు పేలు చూడడం ఎక్కడైనా విన్నారా? ఆస్ట్రేలియా నడిమధ్య తనమి ఎడారిలో ఉండే వార్ల్‌పిరి జనం పూర్వీకుల గాథల్లో ఉంది! పికిలీ అనే ఊటలో రెండు ఇంద్రధనుస్సు పాములు కాపురముండేవట. ఆడవాళ్లు పక్కన కూర్చుని వాటికి పేలు తీస్తే, అవి నీళ్లు తోడుకోనిచ్చేవి. ఆ జంట ఆత్మలు నేటికీ అక్కడే ఉన్నాయని వాళ్ల నమ్మకం.

ఆ ఊట దగ్గర పుట్టిన మైకేల్ నెల్సన్ జగమర వేసిన బొమ్మ ఏకంగా పార్లమెంటు వాకిట్లో పరుచుకుంది! కాన్‌బెర్రాలో 7 రంగుల గ్రానైటును చేత్తో ముక్కలు కొట్టి, సుమారు 90,000 ముక్కలు పేర్చారు. విస్తీర్ణం 196 చదరపు మీటర్లు. మన లెక్కలో 234 గజాలు, అంటే ఓ ఇంటి స్థలమంత! 5 డాలర్ల నోటు మీదికీ ఎక్కిందది.

ఇలాంటి గాథలను చెప్పే బొమ్మల్లో ఇంగ్లిషు యూ అక్షరంలాంటి గీత ఏమిటో చెప్పుకోండి చూద్దాం! కూర్చున్న మనిషి. ఇసుకలో కూర్చుని లేస్తే మిగిలే అచ్చు అది. ఒకదానిలో ఒకటిగా గుండ్రాలుంటే నీటిగుంట కావచ్చు, విడిది కావచ్చు.

వార్ల్‌పిరి గాథల్లో తుఫానును మోసిన పక్షి కూడా ఉంది! ‘జంగల’ అనే వరసకు చెందిన ఇద్దరు మగవాళ్లు పాట పాడి పెనుతుఫాను రప్పించారు. ఓ డేగ దాన్ని పడమటికి మోసుకెళ్లి, బరువు తాళలేక వదిలేసింది. పడినచోట పెద్ద చెలమ ఏర్పడింది! పుయుర్రు దగ్గర అదే డేగ నేల తవ్వి ఓ మహాసర్పాన్ని బయటికి తీస్తే, ఆ పాము నీళ్లు మోసుకెళ్లి సరస్సు చేసింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన గాథ ఇదే.

జంగల సోదరిని ఏమంటారో ఊహించండి! నంగల. వార్ల్‌పిరి వాళ్ల వరస పేర్లు మొత్తం 8 జతలే, మగవాళ్లవి ‘జ’తో, ఆడవాళ్లవి ‘న’తో మొదలవుతాయి. ఏ గాథ ఎవరిదో తేల్చడంలో ఈ వరసలే కీలకం. ఎవరు పడితే వాళ్లు వేసుకునే బొమ్మలు కావివి.

1,200 డాలర్ల బొమ్మ 24 లక్షల డాలర్లయింది, అంటే 2,000 రెట్లు! పొరుగు అన్మత్యెర్ జాతి చిత్రకారుడు క్లిఫర్డ్ పాసమ్ 1977లో వేసిన ‘వార్లుగులాంగ్’ను కొన్న బ్యాంకు తన భోజనశాల గోడకు తగిలించింది. 2007లో దాన్ని జాతీయ గ్యాలరీ కొనుక్కుంది.

30 తలుపుల మీద 27 గాథలు, 200కు పైగా స్థలాలు! యుయెండుము అనే వార్ల్‌పిరి ఊరి బడి పిల్లలు తమ నేల కథలు మరవకూడదని 1980లలో ఐదుగురు పెద్దలు ఆ బడి తలుపులకు రంగులద్దారు. ఎండనూ, దుమ్మునూ, పిల్లల పిచ్చిగీతలనూ ఓర్చుకున్న ఆ తలుపులు 1995లో సౌత్ ఆస్ట్రేలియన్ మ్యూజియానికి చేరాయి. వాటిలో 20 వేసింది ఒక్కరే, పాడీ జపల్‌జారి స్టువర్ట్!