మౌస్ ఎలా నెగ్గింది: మెన్లో పార్క్ పరీక్షలు

కీబోర్డు పక్కన మౌస్ ఉండటం ఈనాడు సహజమనిపిస్తుంది. కానీ 1960ల నడుమ ఆ స్థానానికి పోటీ గట్టిగానే ఉండేది. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, స్టాన్‌ఫర్డ్ రిసర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం కంప్యూటర్ తెరపై రాతను దిద్దే పద్ధతులను రూపొందిస్తూ, తెరమీద ఒక చోటును చూపడానికి ఏ సాధనం మేలో తేల్చుకోవలసి వచ్చింది. 1964లో బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మౌస్ ఒక చెక్కపెట్టె. అడుగున ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు చక్రాలు, పైన ఒకే ఒక్క మీట. లైట్ పెన్, జాయ్‌స్టిక్, గ్రాఫకాన్, బల్ల కింద మోకాలితో కదిపే మీట దాని ప్రత్యర్థులు. ఈ పరిశోధనకు నాసా నిధులిచ్చింది.

పరీక్ష స్వరూపం సరళమైనది. తెరపై గురి కనిపించగానే అభ్యర్థి కీబోర్డుపై స్పేస్ బార్ నొక్కి, చేతిని సాధనం మీదికి తెచ్చి, ఆ గురిని ఎంపిక చేయాలి. అందువల్ల సాధనం వేగంతోపాటు, కీబోర్డు నుంచి చేయి దానిని చేరి పట్టు చిక్కించుకోవడానికి పట్టే వ్యవధి కూడా లెక్కకు వచ్చింది. తప్పుల లెక్క వేరు.

అనుభవజ్ఞుల చేతిలో మౌసే వేగంగా పనిచేసింది, తప్పులూ తక్కువే. కొత్తవారికి మాత్రం లైట్ పెన్, మోకాలి మీట అంతకన్నా వేగంగా అమరాయి. మోకాలి మీటకు చేయి కీబోర్డును వదలనక్కరలేదు. లైట్ పెన్‌తో తెరను నేరుగా చూపవచ్చు. కానీ చేయి ఎత్తి పట్టుకుని పనిచేస్తే త్వరలోనే అలసట వస్తుంది. కొత్తవారి వేగాన్నే ప్రమాణంగా తీసుకుని ఉంటే తీర్పు మారిపోయేది.

1967లో ఇంగ్లిష్, ఎంగెల్‌బార్ట్, బెర్మన్ ప్రచురించిన పత్రం చేసిన నిర్ధారణ గమనించదగ్గది: సాధనాల సహజ వేగంలో, కచ్చితత్వంలో ఉన్న తేడాలు నిర్ణాయకం కావు, అదే చేయి చేయవలసిన ఇతర పనులు, సాధనాన్ని అందుకోవడంలోని సౌలభ్యం, కూర్చునే భంగిమ కలిగించే అలసట అంతకన్నా ముఖ్యం.

1978లో జెరాక్స్ పరిశోధకులు స్టువర్ట్ కార్డ్, ఇంగ్లిష్, బర్ మౌస్‌ను జాయ్‌స్టిక్‌తోనూ, కీలతోనూ పోల్చి చూశారు. గురి దూరం, పరిమాణాలను బట్టి చేతి కదలికకు పట్టే కాలాన్ని చెప్పే ఫిట్స్ సూత్రం (1954) మౌస్‌కు చక్కగా వర్తించింది. అంటే మౌస్‌తో చూపడంలో వేగానికి హద్దు పెట్టేది ప్రధానంగా మనిషి చేయే, పరికరం కాదు. 1981లో వెలువడిన జెరాక్స్ స్టార్ మౌస్‌తోనే వచ్చింది.

ఏ ఇన్‌పుట్ పరికరాన్ని పరీక్షించినా ఈ పాఠం వర్తిస్తుంది. మీట పనిచేస్తోందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. నేర్చుకున్న చేయి, మిగతా పనుల నడుమ, రోజంతా దానితో ఎలా మెలుగుతుందన్నదే అసలు ప్రశ్న.