పనికిరాదన్న యంత్రానికి మరో అవకాశం

దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్‌లో మెట్రో దిగి ఆ విశాల ప్రాంగణంలో అడుగు పెట్టగానే ఇరువైపుల నుండి "లాప్‌టాప్ రిపేరా సార్?" అన్న పిలుపులు వినవస్తాయి. బహుళ అంతస్తుల కార్యాలయ భవనాల కింద, ఇరుకు గదులలో, మెట్ల మలుపులలో కంప్యూటరు దుకాణాలు బారులు తీరి ఉంటాయి. ఒకచోట కొత్త యంత్రాలు అద్దాల వెనుక మెరుస్తుంటే, పక్కనే పాతవాటి మూతలు విప్పి దీపం కింద పరీక్షించే పనివాళ్లు కనబడతారు.

ఇటీవల ఒక శనివారం ఈ రచయిత అక్కడకు వెళ్లవలసి వచ్చినది. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి, ఓల్డ్ రాజేందర్ నగర్‌లోని ఒక చిన్న అద్దె గదిలో ఉంటూ సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి తన లాప్‌టాప్‌ను వెంట తెచ్చినది. "అన్నయ్య ఇంజనీరింగు చదివే రోజుల్లో, 2014లో కొన్నది బాబాయిగారూ. రెండేళ్ల నోట్సు అంతా ఇందులోనే ఉంది. తెరుచుకోవడానికే ఏడెనిమిది నిమిషాలు పడుతోంది" అని ఆమె బాధ. మొదటి దుకాణదారు దానిని అటూ ఇటూ తిప్పి చూచి, ఇది చచ్చిన సరుకని, తుక్కు కింద తీసుకుంటానని, కొత్తది వాయిదాల మీద ఇప్పిస్తానని చెప్పినాడు. గది అద్దె, భోజనం, కోచింగ్ ఫీజు లెక్క చూసుకునే ఇంటికి ఆ వాయిదా చిన్న భారం కాదు.

ఇటువంటి తీర్పు వింటున్నవారు దేశంలో ఎందరో ఉన్నారు. 2015లో వెలువడిన విండోస్ 10కు సాధారణ భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకుంటే మరొక ఏడాది గడువు మాత్రం ఇచ్చినారు. దాని తరువాతిదైన విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, దాదాపు 2017 తరువాతి తరపు ప్రాసెసరు ఉండాలన్న నిబంధన ఉన్నది. అంతకు ముందటి యంత్రాలు ఎంత దిట్టంగా ఉన్నా ఆ గడప దాటలేవు.

ఇక్కడ రెండు వ్యాధులను విడదీసి చూడవలసి ఉన్నది. ఒకటి భద్రత లేమి. అది సాఫ్ట్‌వేరుకు సంబంధించినది. రెండవది మందగమనం, దానికి మూలం ఎక్కువగా గిర్రున తిరిగే పాతకాలపు హార్డ్ డిస్కు. ఈ రెంటిలో ఏదీ ప్రాసెసరు చచ్చిపోయినదనడానికి సాక్ష్యం కాదు. పై అంతస్తులోని మరొక వృద్ధ మెకానిక్ ఈ మాటే చెప్పినాడు. మొదట ఆయన బ్యాటరీని తడిమి చూచినాడు. ఉబ్బిన బ్యాటరీ అగ్నిప్రమాదానికి దారి తీయవచ్చును కనుక అది ఉబ్బితే మరేమీ చేయకముందే తీసివేయాలట. అదృష్టవశాత్తు అది క్షీణించినదే గాని ఉబ్బలేదు.

తరువాత చేసిన పని సామాన్యమైనదే. ముందుగా ఆ అమ్మాయి నోట్సు, ఫోటోలు మరొక చోటికి నకలు చేసినారు. హార్డ్ డిస్కును తీసి, అదే కొలతలో ఉండే 2.5 అంగుళాల ఎస్.ఎస్.డి.ని అమర్చినారు. ఇందులో తిరిగే భాగాలు ఉండవు కనుక సమాచారం క్షణాలలో అందుతుంది. నాలుగు జి.బి. ర్యామ్‌ను ఎనిమిదికి పెంచినారు. తీసివేసిన డిస్కును ఒక చిన్న యు.ఎస్.బి. పెట్టెలో బిగించి, నకళ్లు దాచుకొనడానికి ఆమెకే ఇచ్చినారు. అయిన ఖర్చు కొత్త లాప్‌టాప్ ధరలో స్వల్ప భాగమే.

మిగిలినది ఆపరేటింగ్ సిస్టమ్. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్స్ నేడు అనేక రూపాలలో ఉచితంగా లభిస్తున్నది. వాటిలో లైనక్స్ మింట్ వారి ఎక్స్ఎఫ్‌సిఇ కూర్పు రెండు జి.బి. ర్యామ్‌తో కూడా నడుస్తుంది. నాలుగు ఉంటే సుఖం. దీనిని పెన్ డ్రైవ్ నుండే నడిపి, వై-ఫై, శబ్దం, కెమెరా పనిచేస్తున్నవో లేదో ముందే చూచుకొనవచ్చును, నచ్చితేనే స్థాపించవచ్చును. అయితే మరీ పాతవైన 32 బిట్ల యంత్రాలకు ఈ దారి కూడా ఇరుకైపోతున్నది. 2025లో వచ్చిన డెబియన్ 13 వాటికి స్థాపన సౌకర్యాన్ని విరమించినది.

సాయంత్రానికి యంత్రం అర నిమిషంలో తెరుచుకున్నది. వార్తాపత్రికలు చదవడం, పాఠాల వీడియోలు చూడడం, లిబ్రే ఆఫీసులో వ్యాసాలు రాయడం, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేయడం అన్నీ సాగినవి. ఆమె అవసరం అంతవరకే.

అన్నీ తీరుతాయనడం మాత్రం సత్యం కాదు. అను ఖతులలో పుస్తకాలు కూర్చే డి.టి.పి. పనివారికి, విండోస్‌పైనే నడిచే లెక్కల సాఫ్ట్‌వేరు వాడే వర్తకులకు ఈ మార్పు చిక్కులు తెస్తుంది. భారీ వీడియో కూర్పుకు ఈ యంత్రం చాలదు. మదర్‌బోర్డు చెడినా, తెర పగిలినా ఖర్చు లెక్క వేసుకొని మానుకొనడమే మేలు.

ఈ మార్గం మన దేశానికి కొత్తది కాదు. సి-డాక్ బాస్ లైనక్స్‌ను భారతీయ భాషల కోసం రూపొందించినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపైనే కంప్యూటరు విద్య నేర్పుతున్నవి.

మొదటి దుకాణదారు మాట విని ఉంటే ఈ లాప్‌టాప్ ఎక్కడికి చేరేది? రాజధానిలో తుక్కుకు పేరుపొందిన గమ్యం ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్. అక్కడి సందులలో సర్క్యూట్ బోర్డులను కాల్చి, ఆమ్లాలలో ముంచి రాగిని, బంగారాన్ని రాబట్టే పేదల ఊపిరితిత్తులలోకి ఆ పొగ చేరుతున్నది. 2022లో ప్రపంచం పారవేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులని, అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు నమోదైనది 22.3 శాతమేనని ఐక్యరాజ్య సమితి సంస్థల 2024 నివేదిక తెలిపినది. 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన మన ఇ-వ్యర్థాల నిబంధనలు పునశ్శుద్ధి బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచినవి. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పోర్టల్‌ను కూడా ప్రారంభించినది. అయితే పోర్టల్ విడి భాగాన్ని చేతిలో పెట్టదు. విడి భాగాలు, మరమ్మతు వివరపత్రాలు సామాన్య మెకానిక్‌కు తప్పనిసరిగా అందేటట్లు చట్టబద్ధమైన నియమం కావాలి.

కొత్తొక వింత, పాతొక రోత అని మన పెద్దలు లోకరీతిని ఎత్తిచూపినారు. ఇంట్లో మూలపడిన లాప్‌టాప్‌ను అమ్మబోయే పాఠకులు ముందు దానిని ఒక పెన్ డ్రైవ్‌తో పరీక్షించుకొనవలెను. తప్పనిసరై వదులుకునేటట్లయితే డిస్కులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపి, అధీకృత సేకరణదారుకే ఇవ్వవలెను. ఓల్డ్ రాజేందర్ నగర్ అమ్మాయి మాత్రం వాయిదాల కాగితంపై సంతకం చేయకుండానే గదికి తిరిగి వెళ్లి, ఆ రాత్రి మళ్లీ చదువుకు కూర్చున్నది.