మీసము మొలచిన మరమనిషి

కొంతకాలము క్రిందట మేము ప్రసారము చేయుచున్న ఒక ధారావాహిక నాటకమున తాతగారి పాత్రను చాలకాలముగా పలుకుచున్న నటుడు అనారోగ్యముచే రాలేకపోయెను. ఆ పాత్రను మరియొక అనుభవజ్ఞునిచే పలికించితిమి. వారము తిరుగకముందే శ్రోతల ఉత్తరములు వచ్చినవి. క్రొత్త నటుడు సరిగా పలుకలేదని ఎవరును వ్రాయలేదు. "ఈయన మా తాతగారు కారు" అనియే వ్రాసిరి. ఈ మాటకు ప్రత్యుత్తరము వ్రాయుట కష్టము. పాత్రను కల్పించినవాడు రచయిత, పలికినవాడు నటుడు, ప్రసారము చేసినవారము మేము. కాని వారము వారము ఆ పాత్రను తమ యింటిలోనికి ఆహ్వానించినవారు శ్రోతలు. అట్లయినచో ఆ తాతగారు ఎవరివాడు?

ఇదే ప్రశ్న జపాను దేశమున 1999వ సంవత్సరములో ఒక మరమనిషి మూతిమీది మీసమును గూర్చి తలయెత్తినది. వినుటకు నవ్వు పుట్టించు తగవే యైనను, అందు ఆలోచింపదగిన విషయము చాల గలదు.

ఈ కథకు మొదలు ఇరువది యేండ్ల వెనుక నున్నది. 1979 ఏప్రిల్ 7వ తేదీన జపాను టెలివిజనులో 'మొబైల్ సూట్ గండామ్' అను యానిమేషన్ ధారావాహిక ప్రారంభమైనది. పేరు మన చెవికి గండమువలె వినిపించును. కథయు గండములతో నిండినదే. దర్శకుడు యొషియుకి తొమినో. యంత్రముల రూపశిల్పి కునియో ఒకావరా. అంతకుముందటి బొమ్మల కథలలో మహాయంత్రములు పురాణవీరులవంటివి. వానికి అలసట లేదు, ఓటమి అరుదు. గండామ్ అట్టిది కాదు. అది 18 మీటర్ల యెత్తుగల యుద్ధసామగ్రి. దానికి మరమ్మతు కావలెను, గుండ్లు అయిపోవును, లోపల కూర్చుండి నడపు బాలునికి భయము వేయును.

ఆ యంత్రపు ముఖమునకు రెండు గురుతులు గలవు. నుదుటినుండి ఇరువైపులకు చీలి పైకి లేచిన కొమ్మువంటి అలంకారము ఒకటి. అది జపాను పూర్వయోధుల శిరస్త్రాణమును తలపించును. మనుష్యునకువలె రెండు కన్నులుండుట రెండవది. తెల్లని మేనిపై నీలము, ఎఱుపు, పసుపు రంగులు. ఈ రంగుల వెనుక నొక చిన్న కథ యున్నది. దర్శకుడు కోరినది దాదాపు తెల్లని యంత్రమును. కార్యక్రమమునకు సొమ్మిచ్చిన ఆటవస్తువుల సంస్థకు బొమ్మలు అమ్ముడుపోవలెను. పిల్లల కన్ను పట్టు రంగులు కావలెను. ఉభయులకు కుదిరిన రాజీయే ఆ రూపము. దీనిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. ఏ రూపమును మార్చరాదని తరువాతివారు పట్టుబట్టిరో, ఆ రూపమే బేరసారములలో పుట్టినది.

మొదట ఆ ధారావాహికకు ఆదరణ అంతగా లభింపలేదు. అనుకొన్నదానికంటె ముందుగనే 43 భాగములతో 1980 జనవరి 26వ తేదీన ముగిసెను. దానికి ప్రాణము పోసినవి పునఃప్రసారములు, ప్లాస్టిక్ నమూనాలు. 1980 జూలైలో బండాయ్ సంస్థ 144వ వంతు పరిమాణమున ఒక నమూనాను 300 యెన్నుల వెలకు విడుదల చేసెను. పెట్టెలో వచ్చునది బొమ్మ కాదు, దాని భాగములు. వానిని కోసి, అతికించి, సానపట్టి, రంగు వేసికొనవలెను. ఈ పని చేసిన బాలునికి గండామ్ ముఖము చూచిన ముఖము మాత్రమే కాదు, తన చేతితో చేసిన ముఖము. అటుపై వచ్చిన అనేక ధారావాహికలలో యంత్రములు మారినను ఆ కొమ్ములు, ఆ కన్నులు తప్పక యుండెను. తోలుబొమ్మలాటలో పది తలలు కనబడగానే రావణుడని యెఱుగునట్లు, ఆ కొమ్ములను చూడగానే గండామ్ అని యెఱుగుట వారికి అలవడెను.

ఇరువదవ వార్షికోత్సవ సంవత్సరమున తొమినో మరల దర్శకత్వము వహించి, 1999 ఏప్రిల్ 9వ తేదీనుండి 'టర్న్ ఏ గండామ్' అను 50 భాగముల ధారావాహికను ప్రసారము చేయించెను. ప్రధానయంత్రమునకు రూపకల్పన చేయుటకు అమెరికా దేశీయుడగు సిడ్ మీడ్‌ను కోరిరి. మీడ్ 1933లో జన్మించి 2019లో మరణించినవాడు. ఫోర్డ్ కంపెనీలో మోటారు కారుల రూపములను వ్రాసిన పారిశ్రామిక శిల్పి. 'బ్లేడ్ రన్నర్', 'ట్రాన్' చిత్రములకు భవిష్యన్నగరములను, వాహనములను ఊహించినవాడు. వస్తువు ఏ పని చేయవలెనో దానినిబట్టి దాని ఆకృతి యుండవలె ననునది ఆ వృత్తిలో పెరిగినవాని అలవాటు. ఆయన మొదట పంపిన రూపమును ప్రధానయంత్రమునకు గాక 'సుమో' అను మరియొక యంత్రమునకు వినియోగించిరి. ప్రధానయంత్రమునకు స్థిరపడిన రూపమున, నుదుటిపై నిలువవలసిన కొమ్ములు జారి, చెంపలకు ఇరువైపుల తెల్లని మీసమై నిలిచినవి.

అభిమానులు కలవరపడిరి. ఇది గండామ్ కాదనిరి. యోధుని ముఖమున్నచోట వృద్ధుని ముఖము పెట్టినారనిరి. కోసుగా నుండు అంచులు పోయి గుండ్రని వంపులు వచ్చినవనియు, దానిని నమూనాగా కట్టుకొని బల్లమీద నిలుపుకొన బుద్ధి పుట్టదనియు వాదించిరి. ఈ వాదమును మూర్ఖత్వమని త్రోసివేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. పేరు నిలిపి గురుతును తీసివేసినచో, ఆ పేరును నమ్మి వచ్చినవాడు తన్ను మోసగించిరనుకొనుట సహజము.

రెండవ పక్షమువారి సమాధానము ఇట్లుండెను. ఈ యంత్రమున అలంకారముకొఱకు పెట్టినది తక్కువ. నడపువాడు కూర్చుండు స్థానము నడుమువద్ద నున్నది. ఱొమ్మున సరకు నింపుకొను అరలున్నవి. పిక్కల వెనుకనున్న చీలికలనుండి ఎగురుటకు కావలసిన వేగము పుట్టును. కాగితముపై వింతగా తోచినది, కదలునపుడు వింతగా నుండదు. ఈ మాటలోని సత్యము మాకు తెలియును. చదువుకొన్నపుడు చప్పగా నుండిన నాటకప్రతి, మైకుముందు గొంతులు కలియగానే జీవము పొందుట మేము పలుమారులు చూచితిమి.

అన్నిటికంటె బలమైన సమాధానమును కథయే యిచ్చినది. చంద్రలోకమునుండి భూమికి వచ్చిన లోరాన్ అను బాలుడు ఒక గనుల యజమాని యింట కొలువు చేయును. ఆ ప్రాంతమువారు కొలుచు 'తెల్లబొమ్మ' యను శిలావిగ్రహము, చంద్రవాసుల దాడి జరిగిన రాత్రి బీటలు వారి, అందుండి ఈ యంత్రము వెలువడును. కథలోని పాత్రలే దానిని 'మీసము' అని పిలుచును. ప్రేక్షకుల ఆక్షేపణను రచయితలు దాచలేదు, పాత్రల నోట పలికించిరి. ఆ యంత్రము ఆవులను మోయును, బట్టలుతుకుటకు సాయపడును. సాధువగు తాతవలె నుండు ఈ యంత్రమే పూర్వమొకప్పుడు భూమిపైని నాగరికతను మట్టిలో కలిపినదని తరువాత తెలియును. కోఱలుగల ముఖమును చూచి భయపడుట సులభము. మీసముగల ముఖమును ప్రేమించిన పిమ్మట దాని చరిత్ర తెలిసికొనుట కష్టము. అపుడు ఆ రూపమునకు అర్థమేమో ప్రేక్షకునకు బోధపడును.

పేరులోని 'టర్న్ ఏ' యనగా ఆంగ్లములోని మొదటి అక్షరమును తలక్రిందులుగా వ్రాసిన గుర్తు. తర్కశాస్త్రమున దానికి 'అన్నిటికిని' అని అర్థము. అంతవరకు వచ్చిన గండామ్ కథలన్నిటిని, వానిలో దేనిని ఎవరు మెచ్చినను మెచ్చకున్నను, ఒక్క గతచరిత్రలో చేర్చుకొనుట తొమినో ఉద్దేశము. ఆ మఱుగుపడిన గతమునకు కథలో 'నల్ల చరిత్ర' యని పేరు. ఆ మాట తరువాత జపాను నిత్యభాషలో ప్రవేశించి, ఎవరైనను తలచుకొని సిగ్గుపడు తమ పాతపనులకు పేరైనది.

ఇట్టి తగవు జపానుకే పరిమితము కాదు. అమెరికాలో 1984నుండి ట్రక్కుగా మారు నాయకుని చూచిన 'ట్రాన్స్‌ఫార్మర్స్' అభిమానులకు, 1996లో గొరిల్లాగా మారు నాయకుని చూపినపుడు అచ్చటను ఇదే గోల జరిగెను.

మీసము కథ ఎట్లు ముగిసినది? 2002లో ఆ ధారావాహికను రెండు చలనచిత్రములుగా కుదించి విడుదల చేసిరి. 2007లో బండాయ్ సంస్థ తన 'మాస్టర్ గ్రేడ్' నమూనాల వరుసలో నూరవదానిగా ఈ మీసపు గండామ్‌నే వెలువరించెను. బల్లమీద నిలుపుకొనరని చెప్పబడిన బొమ్మకు ఇది చిన్న గౌరవము కాదు. అందఱును మెచ్చిరని మేమనము. నేటికిని ఆ కొమ్ములనే కోరువారు కలరు. వారి కోరికయు ప్రేమనుండి పుట్టినదే.

ఇక మా తాతగారి సంగతి. ఆ ఉత్తరములను మేము పడవేయలేదు. క్రొత్త నటునికి చూపితిమి. ఆయన చదివి, పాతవారిని అనుకరింపక తన గొంతుతోనే పలుకుచు వచ్చెను. కొన్ని నెలలు గడచినవి. మొన్న ఒక శ్రోత యిట్లు వ్రాసిరి: "ఈ వారము తాతగారు దగ్గుచున్నట్లు వినబడినది. చలికాలము గదా, మిరియాల కషాయము త్రాగుమని చెప్పుడు."